మోరీ పాలైన చట్నీ

నా చిన్నప్పుడు హనుమకొండలో మా పెద్దమ్మకు టిఫిన్ బండి ఉండేది. ఎండాకాలం సెలవులకు నేను అక్కడే. ఓ ఏడు ఆమె పల్లి చట్నీ తిన్న కాలేజీ పిల్ల ఒకతి వాంతులతో దవాఖానలో పడింది. ఇంకేముంది, బండి దగ్గర ఈగలు తప్ప మనుషుల్లేరు. అమ్మేద్దామన్నాడు మా పెద్దబాపు. పెద్దమ్మ వింటేగా! చట్నీ చెడకుండా చేసేదాకా కదలనని మొండికేసింది.

ముందు నీళ్లు కాచి చల్లార్చి రుబ్బడం మొదలుపెట్టింది. వెల్లుల్లి దండిగా వేసిన పచ్చడి తొందరగా పాడుకాదని ఆమెకు తెలుసు. అందుకే చట్నీని చిన్న గిన్నెల్లోకి తీసి, ఒకదాంట్లో వెల్లుల్లి రసం, మరోదాంట్లో లవంగాల కషాయం కలిపింది. ఇంకోటి ఉత్తదే ఉంచింది. మధ్యాహ్నానికి ఉత్తది నురగ కట్టింది. వెల్లుల్లిది రుచిగానే ఉంది కానీ, ఇంకో రెండు గంటలే ఆగింది. లవంగాలది సాయంత్రం దాకా నిలిచింది కానీ, నోట్లో పెడితే అచ్చం పళ్లపొడే. విసుక్కోకుండా రెండూ కలిపి, రోజూ కషాయం తగ్గిస్తూ, వెల్లుల్లి రసం పెంచుతూ రుచి కుదిర్చింది. మెల్లగా జనం వచ్చారు. వచ్చినా, చట్నీని ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవారు. చూసి నాకు ఉక్రోషం వచ్చేది.

ఒకనాడు పెద్దబాపు నిన్నటి చట్నీ పారెయ్యలేక, దాంట్లో కషాయం గుమ్మరించాడు. పులిసిన వాసన పోయింది. బండి ముందు జనం నిలబడి ఉన్నారు. మూత తీయగానే ఘాటుకు పెద్దమ్మకు అనుమానమొచ్చి, ఇది నిన్నటిదేనా అని అడిగింది.

"కషాయం పోసిన గదనే, ఇంక ఫికరెందుకు?" అన్నాడాయన.

"వాసన పోయింది గని, అండ్లున్న రోగం పోయిందా? కషాయం మంచిగున్నదాన్ని జరసేపు కాపాడుతది, గంతే. చెడినదాన్ని బాగుచెయ్యది."

అంటూనే గిన్నెడు చట్నీ అందరి ముందే బండి పక్కన మురుగు పారే మోరీలో కుమ్మరించింది. చట్నీ పాడైందని తన నోటితోనే చెప్పి, కారప్పొడితో తినమంది. చాలామంది గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ఇక బండి మూతపడ్డట్టేనని నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం మర్నాటికి పల్లీలు వేయించడానికి కూర్చుంది.

గొణిగినవాళ్లే మర్నాడు వచ్చారు. ఆ రోజు ఎవరూ చట్నీని వాసన చూడలేదు.

మిగిలిన కూరకు మసాలా దట్టించి వేడిచేద్దామని మా ఇంట్లో ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దుబారా మనిషినని మనవరాలు వెక్కిరిస్తుంది. వెక్కిరించనీ. ఇంకొకరి కడుపులోకి పోయేదాని మీద నాకు అనుమానం కలిగిందా, ఎంతమంది ఆకలితో కూర్చున్నా సరే, గిన్నె వంచేస్తాను.