నా బల్ల ఒక్కటే అదిరింది

ఎవరికైనా దెయ్యం పట్టిందంటే జ్వరం మాత్ర ఇచ్చి పడుకోబెట్టే రకం నేను. దెయ్యాన్ని ఇప్పటికీ చూడలేదు. జరిగింది చెబుతాను, అంతే.

కేజీఎఫ్‌లో, అంటే కోలారులో, బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చాక, అక్కడి చాంపియన్ రీఫ్స్ అనే పేటలో ఒక చిన్న పరిశోధనశాలలో పనిచేసేదాన్ని. పక్క బల్ల సరోజక్కది. నాకు పని నేర్పింది ఆమే. మా ఆయన గని లోపల పనిచేసేవాడు.

మా ఊళ్ళో భూమి లోతున రాయి పగిలితే పైన ఇళ్ళు అదురుతాయి. గిన్నెలు గలగలమంటే చాలు, ఆడవాళ్ళం చేతిలో పని వదిలేసి, మనుషులు గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరికి పరుగు తీస్తాం. లోపలి మనిషి పైకొచ్చేదాకా ప్రాణం కుదుటపడదు.

ఆ మధ్యాహ్నం హాట్‌ప్లేట్ మీద స్పిరిట్ ఫ్లాస్కు పెట్టి కూర్చున్నాను. అది వేడెక్కుతున్నంతసేపూ పక్కనుంచి కదలకూడదు. ఉన్నట్టుండి బల్ల అదిరింది. సీసాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఒకటి కిందపడి పగిలింది.

"రాయి పగిలిందక్కా!" అని లేచాను.

"యాడ అదిరింది? నాకేం తెలీలేదే. ప్లేటు ఆపి పోవే!" అని సరోజక్క అరిచింది. నేను అప్పటికే గుమ్మం దాటాను.

షాఫ్ట్ దగ్గర వాచ్‌మన్ నన్ను వింతగా చూశాడు. "ఏం కాలేదమ్మా. ఎందుకట్ల పరిగెత్తుకొచ్చినావు?" అన్నాడు. వెనక్కి తిరిగితే మా ల్యాబు కిటికీలోంచి పొగ.

నా ప్లేటు ఆపడానికి సరోజక్క చెయ్యి చాచినప్పుడే స్పిరిట్ ఆవిరి భగ్గుమందట. చేతులు కాలుతున్నా ఆమే ఇసుక బకెట్టు కుమ్మరించి మంట ఆర్పింది.

మా ఆయన సాయంత్రం ఎప్పటిలాగే పైకొచ్చాడు. లోపల ఏ రాయీ పగల్లేదు. ఊళ్ళో ఎవరి ఇల్లూ అదరలేదు. కానీ నా బల్ల కింద ఆ పగిలిన సీసా ఉంది. అక్క బల్ల మీద అంచుదాకా నింపిన నీళ్ళ బీకరు మాత్రం తొణకలేదు.

"కుర్చీలోనే ఉంటే నీ మొహం కాలేది, అమ్మవారే నిన్ను లేపింది" అంటారు మావాళ్ళు. ఆ మాట వింటే సిగ్గుతో చచ్చిపోతాను. స్విచ్చి నా చేతి పక్కనే ఉండింది. ఆపి పోయుంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

సరోజక్క వేళ్ళు ఇప్పుడు సరిగ్గా ముడుచుకోవు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు రాగిముద్ద తుంచి, పులుసులో అద్ది, నేనే తినిపిస్తాను. నన్ను ఒక్క మాటా అనదు. ఒకసారి మాత్రం "నిజంగానే అదిరిందా?" అని అడిగింది.

"అదిరిందక్కా."

"అట్లయితే నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అంది. నమ్మింది.

నన్ను లేపింది ఏమిటో నాకు తెలియదు. ఆ లేపేదేదో ఇద్దరినీ లేపి ఉండొచ్చు కదా. మూరెడు దూరంలో ఉన్న ఆమె బల్ల ఎందుకు అదరలేదు?