మూడో బండిలో ఆ ఒక్క నిమిషం

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మా అత్త పాపకు దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే, దగ్గు వస్తుందని కిటికీలు తెరిచే మనిషిని నేను. ఇంజనీరింగులో ఎలక్ట్రానిక్స్ చదివాను. తీగలో కరెంటు ఉంటే దీపం వెలుగుతుంది, లేకపోతే వెలగదు. అంతకు మించి ఏదీ లేదనుకునేదాన్ని.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. పాప పక్కనే పడుకుని ఉంది. దాని ఊపిరి వింటూ రాస్తున్నాను.

మాకు తిరుపతిలో ఐదు స్కూలు వ్యాన్లు ఉన్నాయి. మా ఆయన హరి వాటిని చూసుకుంటాడు. తిరుచానూరు దారిలో ఒక రేకుల షెడ్డులో బండ్లు పెడతాం. ఇంటి నుంచి స్కూటీ మీద ఐదు నిమిషాలు. నాలుగేళ్ల మా పాప మూడో నంబరు వ్యాన్‌లో ఎల్‌కేజీకి వెళ్తుంది. అది ఎక్కిన దగ్గరనుంచి దిగేదాకా నాకు కాలు ఒకచోట నిలవదు. అందుకే బండి ఎక్కడుందో ఫోన్‌లో చూపించే జీపీఎస్ పెట్టెలు అన్ని వ్యాన్లకూ పెట్టిద్దామని పట్టుబట్టాను. ఏది మంచిదో తేల్చే పని కూడా నా మీదే పడింది.

రెండు కంపెనీలవాళ్లు కొన్నాళ్లు వాడి చూడమని ఒక్కో పెట్టె ఇచ్చారు. మొదటిదాన్ని మూడో బండికి పెట్టాం. దాని తీగ ఒకటి బండి కీకి కలిసి ఉంటుంది. కీ ఆన్ చేస్తే నా ఫోన్‌కు మెసేజ్, ఆఫ్ చేస్తే ఇంకోటి.

మూడో బండి డ్రైవరు మునిరత్నం. అరవై దాటినవాడు. పిల్లలతో పాటు మేమూ తాతా అనే పిలిచేవాళ్లం. నన్నూ పాపా అనే పిలిచేవాడు. పెట్టె బిగిస్తుంటే పక్కనే నిలబడి చూశాడు.

"ఇది నన్ను సూస్తా ఉంటాదా పాపా?"

"నిన్ను కాదు తాతా, బండిని."

"బండిని నేను సూస్తా ఉండాను గదా. మరి దీన్ని ఎవురు సూసేది?"

"నేను."

"సరిపోయె. ముగ్గురం ఒకర్నొకరు సూసుకుంటా కూసుందాం. పిలకాయల్ని బడికి ఎవురు తోల్తారు?"

షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వారం తిరిగేసరికి ఆ పెట్టె పంపే రిపోర్టులో ఒక విషయం కనిపించింది. ఉదయం ట్రిప్పు ముగించి షెడ్డులో బండి ఆపి కీ ఆఫ్ చేశాక, కాసేపటికి మళ్లీ కీ ఆన్ అవుతోంది. ఒక్క నిమిషం, ఆపైన కొన్ని సెకన్లు. మళ్లీ ఆఫ్. సాయంత్రమూ అంతే. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆ నిమిషాన్ని రిపోర్టు 'అనవసరంగా కీ వేయడం' అని ఎర్ర గీతతో చూపించేది. ఆ గీతల పుణ్యమా అని తాతకు వందకు నలభై మార్కులు వేసింది.

ఎందుకని అడిగితే, చేసి చూపించాడు. షెడ్డులో చీకటి. కీ వేస్తేనే వ్యాన్ లోపల లైటు వెలుగుతుంది. లైటు వేసి, ఒక్కో సీటును అరచేత్తో తడుముతూ చివరిదాకా వెళ్లాడు. అక్కడ వంగి సీట్ల కింద చూశాడు. తిరిగొచ్చి కీ తీశాడు.

"పిలకాయలు సీటు మీదనే ఉంటారని యాడుంది పాపా? నిద్రొస్తే యాడైనా దొర్లుతారు. దానికి నలభై మార్కులా? పోనీలే, నాకు బళ్లో కూడా అంతే వచ్చేవి."

ఆ తర్వాత కొద్ది రోజులకే, ఆదివారం పలమనేరులో కూతురింటికి వెళ్లిన తాత నిద్రలోనే పోయాడు. మా ఆయనా నేనూ వెళ్లి చూసొచ్చాం. తాత ఎక్కడని పాప చాలా రోజులు అడిగింది.

మూడో బండిని సురేశ్‌కు ఇచ్చాం. తాత దగ్గర పని నేర్చుకున్నవాడే. రెండో కంపెనీ పెట్టె నాకు బాగా నచ్చింది. బండి ఎక్కడుందో పిల్లల తల్లులూ వాళ్ల ఫోన్లలో చూసుకోవచ్చు. నాలాంటి తల్లికి అంతకంటే ఏం కావాలి? ఐదు బండ్లకూ అదే పెట్టించాం. మొదటి పెట్టెను విప్పి, తీగలు చుట్టి రబ్బరు బ్యాండు వేసి, తిరిగి పంపుదామని బీరువా సొరుగులో పెట్టాను.

కొత్తదానితో ఒక చిక్కు వచ్చింది. షెడ్డులో సురేశ్ తాత లాగే మళ్లీ కీ వేసేవాడు. వెంటనే తల్లులందరికీ 'బండి బయలుదేరింది' అని మెసేజ్ వెళ్లేది. బడికి చేరిన పిల్లల్ని మళ్లీ ఎక్కడికి తీసుకెళ్తున్నారని నాకు వరసగా ఫోన్లు. నాలుగు రోజులు సమాధానం చెప్పి విసిగిపోయి, షెడ్డులో మళ్లీ కీ వేయొద్దని సురేశ్‌కు చెప్పాను.

"మరి ఎనక సీటక్కా?"

"అద్దంలో చూసుకో."

ఆ మాట అన్నది నేనే.

ఏప్రిల్‌లో ఒకరోజు పాపకు జ్వరం వచ్చి బడి మాన్పించాను. తొమ్మిదిన్నరకు దాని నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే ఫోన్ మోగింది. 'బండి 3, కీ ఆన్.' నిమిషం దాటాక 'కీ ఆఫ్.' అవి కొత్త యాప్ నుంచి రాలేదు. సొరుగులో ఉన్న పెట్టె తాలూకు పాత యాప్ నుంచి వచ్చాయి. దాని గడువు ఎప్పుడో అయిపోయింది. తీసేయడం మర్చిపోయానంతే.

సొరుగు తెరిచి చూశాను. పెట్టె అక్కడే ఉంది, రబ్బరు బ్యాండు కూడా అలాగే ఉంది. కొత్త యాప్‌లో మూడో బండి షెడ్డులో ఆగి ఉంది, కీ ఆఫ్. ఏదో లోపమనుకున్నాను. సొరుగు మూస్తుండగానే మళ్లీ ఆన్. నిమిషం దాటాక ఆఫ్.

సురేశ్‌కు ఫోన్ చేశాను.

"నేను టీ అంగడి కాడ ఉండానక్కా. కీ నా జోబీలోనే ఉండాది. ఏమైంది?"

ఏమీ లేదని పెట్టేశాను. మూడోసారి ఆన్ అని వచ్చినప్పుడు ఫోన్‌నే చూస్తూ నిలబడ్డాను. మనసులో తాత నడక కదిలింది. ఒక్కో సీటూ తడుముతూ వెళ్లడం, వంగడం, తిరిగి రావడం. ఆఫ్ అని వచ్చింది. అంతే సమయం.

పాపను అత్తకు అప్పగించి బయలుదేరాను. స్కూటీ మీద ఏమనుకున్నానో గుర్తు లేదు. షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి సురేశ్ కూడా అనుమానమొచ్చి పరిగెత్తుకొచ్చాడు. తలుపు తీశాం. లోపలి వేడి మొహాన కొట్టింది. వెనక సీట్ల మధ్య కింద, బ్యాగు మీద తల పెట్టుకుని జాహ్నవి పడుకుని ఉంది. మా పాప తరగతే. బట్టలన్నీ చెమటతో తడిసిపోయాయి. పిలిస్తే కళ్లు తెరవలేదు. ఎత్తుకుని బయటికి తెచ్చి నీళ్లు చల్లాక మూలిగింది. అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాం. మరో అరగంట ఆలస్యమై ఉంటే చెప్పలేమన్నాడు డాక్టరు. సాయంత్రానికి బిస్కెట్లు అడిగింది.

ఎలా జరిగిందో తర్వాత తెలిసింది. బడి దగ్గర, బండిలో వచ్చే ఆయా ఏడుస్తున్న ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని దిగిపోయింది. సురేశ్ నేను చెప్పినట్టే అద్దంలో చూసుకున్నాడు. సీట్లన్నీ ఖాళీగా కనిపించాయి. బడిలో జాహ్నవి రాలేదని రాసుకున్నారు. రోజూ జాహ్నవి పక్కన కూర్చునే మా పాప ఆ రోజు లేదు. ఉంటే, జాహ్నవి నిద్రపోతోందని అరిచి చెప్పేది.

జాహ్నవి వాళ్లమ్మ తిరుచానూరులో పూలు అమ్ముతుంది. పూల గంప ఎవరికో అప్పగించి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. నేను ఏదీ దాచలేదు. కీ వేయొద్దన్నది నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను. బిడ్డ కాళ్లు నిమురుతూ కూర్చుంది. తర్వాత తలెత్తి అడిగింది.

"నువ్వెట్ల వస్తివి మ్మా, ఆ పొద్దులో ఆడికి?"



తర్వాత చేయాల్సినవన్నీ చేశాను. పెట్టె విప్పి మీటరు పెట్టి చూశాను. లోపలి చిన్న బ్యాటరీలో ఏమీ లేదు. కంపెనీకి ఫోన్ చేశాను. బండి నుంచి విప్పిన రోజు తర్వాత దాన్నుంచి ఏ కబురూ రాలేదని, అందులోని సిమ్ కూడా ఆపేశామని చెప్పారు. పాత మెసేజ్‌లు ఆలస్యంగా వచ్చి ఉంటాయని మా ఆయన అంటాడు. కానీ ఆ ఆరింటి మీదా ఆ రోజు తేదీ ఉంది, ఆ సమయమే ఉంది. ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. ఆయన కూడా చూశాడు. చూసి, ఫోన్ నా చేతికిచ్చి బయటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఐదు బండ్లలోనూ షెడ్డుకు చేరాక మళ్లీ కీ వేస్తారు. చివరి సీటు దాకా వెళ్లి చూస్తారు. తల్లులందరినీ కూర్చోబెట్టి, ఆ మెసేజ్ ఎందుకు వస్తుందో చెప్పాను. అది వస్తే ఇప్పుడెవరూ ఫోన్ చేయరు. రాకపోతే చేస్తారు.

ఆ పెట్టెను మాత్రం తిరిగి పంపలేకపోయాను. పాత యాప్ కూడా తీసేయలేదు. ఆ రోజు తర్వాత అది ఒక్కసారి కూడా మోగలేదు. తీగలో కరెంటు లేకుండానే ఆ రోజు దీపం వెలిగింది. కొత్త పెట్టెల రిపోర్టులు కూడా ఆ నిమిషాన్ని ఎర్ర గీతతోనే చూపించి, మార్కులు కోస్తాయి. రోజూ ఉదయం ఐదు బండ్ల రిపోర్టుల్లో ఐదు ఎర్ర గీతలు వచ్చేదాకా టిఫిన్ ముట్టను. అందరికీ మార్కులు నలభై దాటడం లేదు.