సున్నం వేసిన రాయి

ఇంగ్లండు నుంచి ఒక పెద్దాయన సూర్యాపేటలో మా చర్చి సమాధుల తోట చూడటానికి వచ్చాడు. ఎప్పుడో ఇక్కడ దవాఖాన నడిపిన దొరలకు దూరపు బంధువట. నేను కోదాడలో ఇంగ్లిషు పాఠాలు చెబుతానని పాస్టరుగారు నన్ను పిలిపించారు. అమ్మ కూడా వెంట వచ్చింది.

ఆయన చేతిలో పాత ఫొటో ఉంది. అందులో ఉన్నది దొరల చంటిపాప సమాధి రాయి. పైన పడుకున్న గొర్రెపిల్ల, చుట్టూ ద్రాక్షతీగ, ఆకుల ఈనెలతో సహా చెక్కారు. వాళ్ల ఊళ్లోని పాత చర్చి ఆవరణలో ఒక రాయిని చూసి అచ్చం అలాగే చేయించారట.

తోటలో మాత్రం ఆ రాయి సున్నపు ముద్దలా ఉంది. గొర్రెపిల్ల చెవులు కూడా పూడిపోయాయి. ఈస్టర్ ముందు మావాళ్లంతా తమ తమ సమాధులకు సున్నం వేస్తారు. దీనికి ఏటా వేసేది మా అమ్మేనని పాస్టరుగారు మెచ్చుకోలుగా చెప్పేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"గింత మంచి రాయిని గిట్ల పాడుజేస్తవా అమ్మా? జర్రంత గూడ తెల్వదా నీకు?" అని అందరి ముందే కసిరాను.

అమ్మ రాయి పక్కన గడ్డి మొలిచిన నేల చూపించింది.

"గీడ మీ అన్నున్నడు బిడ్డా. రాయి పెట్టిచ్చుడు మాతోని కాలే. మన్ను సదునైపోయింది. గీ పాప రాయి ఆనవాలుతోనే వానికి కొవ్వొత్తి ముట్టిస్త. మరి ఆమెకు సున్నమెయ్యకుంట ఎట్లుంట?"

నాకంటే ముందు పుట్టి, ఏడాది నిండకుండానే పోయిన అన్న ఒకడున్నాడని తెలుసు. ఎక్కడ పెట్టారని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. అమ్మ సున్నం బకెట్టుతో బయల్దేరినప్పుడల్లా వంట పని వంక పెట్టి ఇంట్లోనే ఉండిపోయేదాన్ని.

ఆమె ఏమంటోందని పెద్దాయన అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ బిడ్డకు ఒక రాయి కూడా పెట్టించుకోలేనివాళ్లమని ఆయన ముందు చెప్పడానికి సిగ్గేసింది. తెలియక చేసింది, సారీ చెబుతోంది అని ఇంగ్లిషులో అన్నాను. పరవాలేదన్నట్టు ఆయన తల ఊపాడు.

అమ్మకు ఇంగ్లిషులో తెలిసింది ఆ ఒక్క మాటే. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"సారీ ఎందుకు జెప్పినవ్ బిడ్డా? మీ అన్న గీడున్నడని జెప్పినవా, లేదా?"