బస్సుకి ఎదురొచ్చిన ఉదయం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు ఏ పని మీద గడప దాటినా, ఎదురు రావడానికి నన్నే పిలిచేవారు. వీధి మలుపు దాకా పరుగెత్తి, వెనక్కి తిరిగి, ఏమీ ఎరగనట్టు నవ్వుతూ ఇంటివైపు నడిచి రావాలి. ఆ శకునం చూసుకుని వాళ్లు బయలుదేరేవారు. పిల్ల ఎదురు మంచిదని మా అమ్మమ్మ ఊరంతా చాటింది. నవ్వడమే అందులో ముఖ్యం. జలుబు చేసి ముక్కు కారుతున్నా సరే, నవ్వాల్సిందే. ఏడేళ్ల దాన్ని, ఇంట్లో నాకున్న హోదా అదొక్కటే, అది చూసుకుని తెగ మురిసిపోయేదాన్ని.

ఉయ్యూరు దాటాక బందరు రోడ్డు పక్కన ఉండేది మా ఊరు. నాన్నది కాలువల శాఖలో ఉద్యోగం, ఎప్పుడూ క్యాంపులే. అందుకని అమ్మా నేనూ అమ్మమ్మ దగ్గర ఉండేవాళ్లం. డెబ్బైల్లో ఒక వేసవిలో అమ్మకి బందరులో టీచర్ ట్రైనింగుకి సీటొచ్చింది. అక్కడే హాస్టల్లో ఉండి చదవాలి. ఈ సంగతి పాలుపోసే ఆవిడకి తెలుసు, బస్టాండు దగ్గర సోడాలమ్మే అతనికీ తెలుసు. నాకు మాత్రం తెలియదు. అమ్మ ట్రంకుపెట్టెలో చీరలు సర్దుతుంటే ఎందుకని అడిగాను. అమ్మ నోరు తెరిచేలోగా అమ్మమ్మ అందుకుని, కలరా ఉండలు వేస్తోందిలే, పోయి ఆడుకో అంది. సరేనని వెళ్లిపోయాను. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ!

ప్రయాణమప్పుడు పిల్ల ఏడిస్తే వెళ్లిన పని చెడుతుందని అమ్మమ్మ గట్టి నమ్మకం. అమ్మ కలిపి పెట్టనిదే నాకు ముద్ద దిగేది కాదు, ఇక అమ్మ వెళ్తుంటే ఏడవకుండా ఉండడం కల్ల. అందుకని ఆవిడ పాము చావకుండా కర్ర విరగకుండా ఒక ఉపాయం ఆలోచించి, దానికి పక్కింటి అక్కని సాయం తీసుకుంది.

ఆ అక్క విజయవాడలో కాలేజీ చదివేది. బోటనీ వాళ్లు సెలవుల్లో రకరకాల మొక్కలు ఏరి, పాత న్యూస్ పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టి, అట్టల మీద అంటించి తీసుకెళ్లాలట. రోజూ నేనూ వస్తానని వెంటపడేదాన్ని. మొక్కలన్నీ నలిపేస్తావని తరిమేసేది. అలాంటిది ఆ రోజు పొద్దున్నే తనే వచ్చి, "రావే, కాలువ గట్టుకి వెళ్లొద్దాం, సీమచింతకాయలు కూడా కోసిస్తా" అంది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. అమ్మ నన్ను కూర్చోబెట్టి గట్టిగా జడ వేసింది. తర్వాత బుగ్గలు రెండూ పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. అక్క వెళ్లిపోతుందేమోనన్న తొందరలో అమ్మ చేతులు విదిలించుకుని పరుగెత్తాను.

రోహిణి కార్తె ఎండలు. కాలువ కట్టేసి చాలా రోజులైంది, అడుగంతా నెర్రెలిచ్చింది. గట్టుకి ఇవతల వైపు, రోడ్డు కనబడని పల్లంలో నడిచాం. ఉత్తరేణి గింజలు పరికిణీకి పట్టుకుని వదిలేవి కావు. పల్లేరుకాయలు చెప్పుల్లోంచి కూడా గుచ్చుకున్నాయి. అక్క ఒక్కో మొక్క దగ్గరా ఆగి, ఇది తుమ్మి, ఇది నల్లేరు, ఇది వాకుడు, అదుగో ఆ తీగ దూలగొండి, దాని జోలికి మాత్రం పోకు, అని చెప్పుకొచ్చింది. అత్తిపత్తి ఆకు ముట్టుకుంటే ముడుచుకోవడం నాకు ఆ రోజే చూపించింది. జోరీగలు మెడ మీద వాలి కుడుతుంటే తన కొంగుతో తోలింది. ఇంత మంచి అక్క ప్రపంచంలో ఇంకెవరికీ ఉండదనుకున్నాను. ఇది తలుచుకుంటేనే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

దాహమేస్తోంది, ఇంటికి పోదామంటే ఇంకొక్క మొక్క అనేది. కాసేపటికి మళ్లీ ఇంకొక్కటి. మధ్యమధ్య తల పైకెత్తి చెవులు రిక్కించి వినేది. ఏం వింటోందో నాకు తెలియదు. ఆ రోజు బందరు బస్సు ఆలస్యమైందని తర్వాత తెలిసింది.

గట్టు మీద ఒక కానుగ చెట్టు ఉంది. దాని కాయల గుత్తి కావాలంది అక్క. నేను కోస్తానని ఎగబడి కొమ్మ పట్టుకుని వంచాను. ఆకులు కలిపి కుట్టుకున్న ఎర్రచీమల గూడు ఒకటి వచ్చి సరిగ్గా నెత్తిన పడింది. జాకెట్టులో, జడలో, చెవుల్లో, ఎక్కడ పడితే అక్కడ కుట్టేశాయి. అక్క పిలుస్తున్నా వినకుండా కేకలు పెడుతూ గట్టెక్కి అవతల రోడ్డు మీదికి పరుగెత్తాను. అక్కడ నిలబడి గెంతుతూ, రెండు చేతులూ గాల్లో ఆడిస్తూ, చీమల్ని దులుపుకుంటున్నాను. అప్పుడే బందరు బస్సు ఎదురుగా వచ్చింది.

టాపు మీద మా ట్రంకుపెట్టె ఉంది. కిటికీ పక్కన అమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసింది. తల బయటికి పెట్టి, పళ్లన్నీ కనబడేలా నవ్వి, చెయ్యి ఊపింది. బస్సు ఆగలేదు. దుమ్ము సద్దుమణిగేసరికి రోడ్డు మీద ఏమీ లేదు. చీమలు ఇంకా కుడుతున్నాయి గానీ, నేను దులుపుకోవడం మానేశాను.

అక్క రొప్పుతూ వచ్చి నా జడ విప్పి చీమలు ఏరడం మొదలుపెట్టింది.

"అక్కా, అమ్మ ఎక్కడికెళ్తోంది?"

"బందరు. చదువుకోడానికి."

"నీకు ముందే తెలుసా?"

తల దించుకుని, "తెలుసే" అంది. తన కళ్లలోనూ నీళ్లున్నాయి. ఆ నీళ్లు నాకు అక్కర్లేదు. తన చేతిలో ఉన్న మొక్కలన్నీ లాక్కుని రోడ్డు మీద పడేసి తొక్కాను. తను వాటిని అలాగే వదిలేసి, మళ్లీ నా జడలో చీమలు ఏరింది.

ఇంటి దగ్గర అమ్మమ్మ దద్దుర్ల మీద సున్నం రాస్తానని వచ్చింది. రాయనివ్వలేదు. రెండు రోజుల్లో అన్నీ సర్దుకుంటాయిలే అని పక్కింటావిడతో అంటుంటే విన్నాను. దద్దుర్లు సర్దుకున్నాయి. అమ్మ నవ్వు మాత్రం సర్దుకోలేదు. నన్ను వదిలించుకుని అంత సంతోషంగా వెళ్లిందే అని రోజూ అనుకునేదాన్ని. పోనీ ఏడుస్తూ వెళ్లి ఉంటే నాకు అంత కోపం ఉండేది కాదు. అమ్మ దసరా దాకా రాలేదు. మధ్యలో వస్తే పిల్ల మళ్లీ బెంగపెట్టుకుంటుందని అమ్మమ్మే వద్దని కబురు చేసిందట. అప్పటికి నేను ఎవరికీ ఎదురు వెళ్లడం మానేశాను. తిట్టినా బతిమాలినా కదిలేదాన్ని కాదు.

దసరా సెలవులకి వచ్చిన అమ్మ దగ్గరికి నేను వెళ్లలేదు. తలుపు వెనక నిలబడ్డాను. తనే వచ్చి నన్ను ఒళ్లోకి లాక్కుని మురిపెంగా అంది. "ఆ రోజు బస్సెక్కానే గానీ ప్రాణమంతా నీ మీదే. తీరా చూస్తే నా బంగారుతల్లి రోడ్డు మీదికొచ్చి, నవ్వుతూ, గెంతుతూ, చేతులూపుతూ, నాకు ఎదురొచ్చింది. అది చూశాకే ధైర్యమొచ్చింది. హాస్టల్లో ఏడుపొచ్చినప్పుడల్లా నిన్నే తలుచుకునేదాన్ని."

"చీమలు కుట్టాయమ్మా" అన్నాను. "నువ్వెళ్తున్నావని నాకు తెలీదు."

నన్ను పట్టుకున్న అమ్మ చెయ్యి వదులైంది. మెల్లగా అమ్మమ్మ వైపు తిరిగింది. "పిల్లకి చెప్పాను, సరేనంది, నువ్వు మళ్లీ కదిపి ఏడిపించకు అన్నావు కదమ్మా?" అని అడిగింది. అమ్మమ్మ పొయ్యి మీద పాలున్నాయంటూ లేచి వెళ్లిపోయింది. పొయ్యి అప్పటికి వెలిగించనే లేదు.

అమ్మ నన్ను గుండెకి అదుముకుని భోరుమంది. ఇన్ని నెలలుగా తను ఎవరి నవ్వు చూసుకుని బతికిందో, నేను ఎవరి నవ్వు చూసి కుమిలిపోయానో, ఆ రెండు నవ్వులూ మేం అనుకున్నవి కావు. ఇద్దరి మంచీ కోరిన మనిషే ఇద్దర్నీ మోసం చేసింది. పైగా అదంతా ప్రేమతోనే చేసింది, అందుకే ఎవరూ ఆవిణ్ణి గట్టిగా ఒక మాట అనలేకపోయారు.

సెలవులయ్యాక అమ్మ మళ్లీ బయలుదేరేటప్పుడు నన్ను బస్టాండుకి తీసుకెళ్లింది. శకునం చెడుతుందని అమ్మమ్మ నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. బస్సు కదిలేదాకా తన నడుము పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడవనిచ్చింది. తనూ ఏడ్చింది. చదువేమీ చెడలేదు, రిటైరయ్యే దాకా పంతులమ్మగా పనిచేసింది.

పక్కింటి అక్కతో మళ్లీ కలిసిపోయాను. అడిగినప్పుడు తను అబద్ధం చెప్పలేదు కదా. అమ్మమ్మని క్షమించావా అంటే, ఆవిడ పోయిన వయసు దాటాను, ఇంకా లేదు. ఆవిడంటే ఇష్టమే, అది వేరే సంగతి.

ఇప్పుడు ఏ ఇంట్లో ఎవరు ప్రయాణమవుతున్నా, ఆస్పత్రికి వెళ్తున్నా, పిల్లలకి తెలియనివ్వకండి అన్న మాట నా చెవిన పడుతూనే ఉంటుంది. బొమ్మలిచ్చి పక్కగదిలోకి పంపేస్తారు. నేను పిలవని పేరంటానికి వెళ్లినట్టు ఆ గదిలోకి వెళ్తాను. నాకెందుకొచ్చిన గొడవని మావాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చుంటాను. మీ అమ్మ వెళ్తోందమ్మా, ఇంకా గుమ్మంలోనే ఉంది, ఏడవాలనుంటే వెళ్లి పట్టుకుని ఏడు, అని చెప్తాను.