మూడో స్టేజీ పాట

మా ఇంట్లో టీవీ గేమ్‌కు ఒక చట్టం ఉండేది. తంబాకు చేతులతో రిమోట్ ముట్టరాదు. ఆ చట్టం చేసినవాణ్ణి నేనే. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఇంట్లో బీడీలు చుట్టేది అమ్మ, అక్క. ఆ చట్టం ఎవరి కోసమో వేరే చెప్పక్కర్లేదు.

నిజామాబాద్‌లో మా గల్లీ ఆడవాళ్ళంతా చాట ఒళ్ళో పెట్టుకుని అరుగుల మీద చుట్టేవారు. గేమ్ వచ్చాక అక్క మాత్రం చాట ఎత్తుకుని టీవీ గదిలోకి వచ్చేసింది. ఆ గేమ్‌ను గల్ఫ్ నుంచి తెచ్చిన చిన్నాయన "ఇద్దరాడుకోండ్రి" అని చెప్పి మరీ ఇచ్చాడు. డబ్బాలో రిమోట్లు కూడా రెండున్నాయి. రెండోదాన్ని నేను ‘స్పేర్’ అని అల్మారాలో భద్రంగా దాచాను. అంత ముందుచూపు నాకు చదువులో ఎప్పుడూ కలగలేదు.

"ఒక్కపారి నాకియ్యరా," అని అక్క అడిగేది.

"వెయ్యి అయినయా?"

"ఇంక మూడు కట్టలున్నయ్."

"అయినంక ఆడుదువు. చేతులు కడుక్కొని రా."

ఏ రోజైనా వెయ్యి బీడీలు పూర్తయ్యేసరికి కార్ఖానాలో అప్పజెప్పే వేళయ్యేది. అక్క బుట్ట పట్టుకుని పరుగెత్తేది. తిరిగొచ్చేసరికి కరెంటు పోయి ఉండేది, ఉంటే నాన్న, మేం బాపు అనేవాళ్ళం, టీవీలో వార్తలు చూస్తూ ఉండేవాడు. ఇదంతా నాకు ముందే తెలుసు. అయినా పెద్దమనిషిలా మొహం పెట్టి, "రేపు తప్పకుండా ఇస్తా అక్కా," అనేవాణ్ణి.

ఇంతా చేసి నేను ఆడింది ఏమన్నా గొప్పగానా అంటే, మూడో స్టేజీ దాటిన పాపాన పోలేదు. అక్కడొక గుహ, గుహలో ఊగే బండరాయి. ప్రతిసారీ దాని కిందే చచ్చేవాణ్ణి. చచ్చినప్పుడల్లా స్టేజీ పాట మళ్ళీ మొదటికొచ్చేది. అక్క వేళ్ళు ఆ పాట వేగానికే అలవాటుపడ్డాయి. తెర వైపు చూడకుండానే, బీడీకి దారం చుడుతూ, "ఇగ సచ్చినవ్," అనేది. సరిగ్గా అప్పుడే చచ్చేవాణ్ణి. ఆమె నోటి వల్లే ఇలా అవుతోందని ఒకసారి అన్నం మానేశాను. అమ్మ అక్కనే తిట్టింది.

తర్వాత గేమ్ కాలిపోయింది. అక్క పెళ్ళయి బోధన్ దగ్గర చెరకు వేసే ఇంటికి వెళ్ళింది. నేను డిగ్రీ తప్పిన తీరికలో కంప్యూటర్ కోర్సు చేసి మా గల్లీ మేధావినయ్యాను. బాపు కంప్యూటర్ కొనిపెట్టాడు. అమ్మ దానికి పూల గుడ్డ కుట్టి కప్పింది. ఇక నేను దేశానికి చేసిన సేవ ఏమిటంటే, నెట్ సెంటర్లో వెతికి ఆ పాత గేమ్ పాటలు ఫ్లాపీలో ఎక్కించుకు రావడం.

ఆ ఫైళ్ళలో నిజానికి పాట ఉండదు. ఏ స్వరం ఎప్పుడు మోగాలో గేమ్ డబ్బాలోని చిప్‌కు చెప్పే ఆజ్ఞలుంటాయి. కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం తానే ఆ చిప్‌నన్నట్టు నటిస్తూ వాటిని మోగిస్తుంది. ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ, చివరికి పాలు పోసే ఆయనకు కూడా, వద్దంటున్నా వినిపించాను. బాపు వారం రోజులు ఓర్చుకుని, "గింత పెద్ద మిషన్ల గా కుయ్ కుయ్ తప్ప ఏం రాదారా?" అన్నాడు.

ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. దారంతా చెరకు బండ్ల వెనక బస్సు పాకుతూ వచ్చిందట. వచ్చిన అరగంటకే అమ్మ చాటలోంచి సగం ఆకు, తంబాకు తను తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. నేను గుడ్డ తీసి, ప్రోగ్రాం తెరిచి, మూడో స్టేజీ పాట పెట్టాను. అక్క మొహం వెలిగింది. వేళ్ళు పాత వేగం అందుకున్నాయి. తల ఎత్తకుండానే, "ఇగ సచ్చినవ్," అంది.

ఎవరూ చావలేదు. పాట ఆగకుండా ముందుకు పోయింది. గొంతు తగ్గించుకుని, నెమ్మదిగా, మేమిద్దరం ఎన్నడూ వినని రాగంలోకి తిరిగింది. అక్క చేతులు ఆగిపోయాయి.

"గిదేంది?"

"గదే పాట అక్కా. నేను గక్కడిదాంక పోలే గదా, అందుకే మనం వినలే."

"నువ్వు పోలే," అంది అక్క. "నేను పోతుంటినేమో."

నేను మళ్ళీ చిప్‌ల గురించి చెప్పడం మొదలుపెట్టాను. పాట అయిపోయి మొదటికొచ్చింది. ఆ కొత్త ముక్క మళ్ళీ పెట్టుకుందామని అక్క మౌస్ వైపు చెయ్యి చాచింది. చాచి, మధ్యలో ఆపి, అరచేయి తిప్పి చూసుకుంది. లేచి నల్లా దగ్గరికి పోయి, సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది.

"ఇప్పుడు ముట్టొచ్చునా?"

వెటకారమనుకుని నవ్వబోయాను. కాదు, నిజంగానే అడిగింది.