మరిది బదులు నేను తోలిన పందెం

మా మరిది కాలు విరగ్గొట్టుకున్నది కారు పందెంలో కాదు, పెడన దగ్గర రోడ్డు మీద. అవి మినుము కోతల రోజులు. వచ్చేపోయే బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని రైతులు మినుము మొక్కల్ని తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. బందరులో ఆ రోజు డ్యూటీ ముగించుకుని మోటారు సైకిలు మీద గుడివాడ వస్తూ సరిగ్గా వాటి మీద బ్రేకు వేశాడు. బండి ఒకవైపు, తనొకవైపు. బందరు ఆసుపత్రిలో కుడికాలికి తొడ దాకా సిమెంటు కట్టు వేసి ఇంటికి పంపారు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళయింది. ఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ మా వీధికి కొత్తగా వచ్చింది. మంచం మీద పడుకుని గోడకేసి చూస్తున్న కొడుకుని మా అత్తగారు ఓదార్చబోయింది.

"ఎముకన్నాక అతుక్కుంటుందిరా. ఎందుకా దిగులు?"

"కాలు గురించి కాదమ్మా. పందెం పోతుంది."

ఆ పందెం సంగతి మా ఇంట్లో నాకొక్కదానికే కాస్త తెలుసు. కంప్యూటరుకి తగిలించుకునే స్టీరింగు, కాళ్ళకింద తొక్కుడు పెడల్సు కొనుక్కుని ఆన్‌లైన్‌లో కార్ల పందేలు ఆడేవాడు. వీళ్ళది ఇద్దరి జట్టు. రెండోమనిషి మలేషియాలో ఉంటాడు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రెండేళ్ళు కష్టపడి పై తరగతికి ఎక్కారు. మూడు వారాల్లో ఆఖరి పందెం. అందులో ఇద్దరి కార్లూ చివరి గీత దాటాలి. ఒక్క కారు తగ్గినా జట్టు కింది తరగతికి దిగిపోతుంది. రాలేనివాడు బదులు మనిషిని పెట్టుకోవచ్చు. కాకపోతే ఆ మనిషి కూడా అందులో చేరి, చిన్న పందేల్లో మార్కులు తెచ్చుకుని మొదటి మెట్టు దాటి ఉండాలి.

"నేను తోలనా?" అన్నాను.

మా ఆయన అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని నవ్వాడు. "నువ్వు తోలింది ట్రాక్టరు. అది వేరు, ఇది వేరు."

"చక్రం గుండ్రంగానే ఉందిగా?"

మాది దివిసీమ. నా చదువు అయిదో తరగతితో ఆపేశారు గానీ, మా నాన్న పక్కన కూర్చుని కరకట్ట మీద ట్రాక్టరు తోలడం మాత్రం ఆపలేదు. ధాన్యం లోడుతో కట్టెక్కించి దించినదాన్ని. ఆ ధైర్యంతోనే అన్నాను. నవ్వినందుకు పంతం కూడా పట్టింది.

స్టీరింగు బిగించడానికి నా కుట్టుమిషను బల్లే సరిపోయింది. పెడల్సు జారకుండా గోడకి ఆనించాం, కుర్చీ వెనక్కి పోకుండా బియ్యం బస్తా అడ్డం పెట్టాం. మొదటి రోజు అలవాటు కొద్దీ మిషను తొక్కినట్టు రెండు పెడల్సూ కలిపి తొక్కాను. కారు ఉన్నచోటే అరిచింది.

"వదినా, జాకెట్టు కుడుతున్నావా?" అన్నాడు మరిది మంచం మీంచి.

"నోరు మూసుకుని ఏది బ్రేకో చెప్పు."

ఈ ఆన్‌లైన్ పందేలు మూడు రకాలు. ముందు నన్ను తేలిక రకంలో దింపాడు. అది తిరునాళ్ళ లాంటిది. ఎప్పుడు వెళ్ళినా జనం ఉంటారు. ఏ పేరు పెట్టుకున్నా అడిగేవాడు లేడు. గుద్దినా కారు సొట్టపడదు, గోడకి కొట్టుకుంటే అదే మళ్ళీ ఎత్తి రోడ్డు మీద నిలబెడుతుంది. పప్పు ఉడికేలోపు ఒక పందెం అయిపోతుంది. కుక్కరు కూత వేస్తే మధ్యలో లేచిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. సరదాగా కూర్చునేవాళ్ళకి అదే మంచిదని నేనిప్పటికీ అంటాను. వేసవి సెలవులకి వచ్చిన చుట్టాల పిల్లల్ని అందులోనే కూర్చోబెడతాను. కానీ అక్కడ నేర్చుకునేది తక్కువ. మలుపు దగ్గర బ్రేకు వెయ్యకుండా పక్కకారుని గోడలా వాడుకుని తిరిగేవాళ్ళే ఎక్కువ. నాలుగు రోజులకి నాకూ ఆ తిప్పుడు వచ్చేసింది.

ఇంకొకటి మధ్యరకం. అందులో ఎవరికి వారు ఒక గది తెరుచుకుని తమ నియమాలు తామే పెట్టుకుంటారు. మర్యాదస్థుల గది దొరికితే బంగారం. లేకపోతే సంతలో గొడవే.

మరిది ఆడేది మూడోది. అది ముహూర్తం పెట్టుకున్న పెళ్ళి. వేళకి ఉండాలి, సొంత పేరే రాయాలి, నెలనెలా రుసుము కట్టాలి. మొదటి చుట్టులో టైర్లు చల్లగా ఉంటాయి కాబట్టి పట్టు ఉండదు. స్టీరింగు చేతుల్లో నిజం బండిలా బరువుగా లాగుతుంది. పందెం మధ్యలో లేస్తే మార్కులు పోతాయి. ఒకరినొకరు తాకితే తప్పెవరిదని అడగరు, ఇద్దరికీ కోత వేస్తారు.

"అదేం న్యాయం?" అన్నాను.

"న్యాయం చెప్పడం మొదలుపెడితే ప్రతివాడూ తప్పు నాది కాదంటాడు వదినా. అందుకని తాకకుండా ఉండటమే నీ పని."

తాకకుండా ఉండటం నాకు పుట్టుకతో వచ్చిందనుకున్నాను. కరకట్ట మీద ఎవరికైనా మొదట నేర్పేది అదే. వెనక హారన్ వినిపిస్తే ఎడమకి ఒదగాలి, రెండు చక్రాలు మట్టిలోకి దించైనా దారివ్వాలి. ఇవ్వనివాణ్ణి ఊళ్ళో మనిషిగా చూడరు. ఇక్కడ హారన్ లేదు గానీ, వెనక వేగంగా వచ్చేవాడుంటే తెరమీద నీలం జెండా కనిపిస్తుంది. మొదటి పందెంలో జెండా కనిపించగానే మర్యాదగా ఎడమకి ఒదిగాను. వెనకవాడు అప్పటికే ఎడమవైపు నుంచి వస్తున్నాడట. ఇద్దరం గడ్డిలో దొర్లాం. రెండో పందెంలోనూ అంతే. మూడోదాంట్లో ఒకడు తెరమీద ఇంగ్లీషులో ఏదో రాశాడు.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"నీ మంచితనంతో వాణ్ణి చంపేశావంటున్నాడు."

మార్కులు పైకి వెళ్ళాల్సింది కిందకి దిగాయి. మరిది కట్టుకాలు దిండు మీద సర్దుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"నీలం జెండా అంటే వెనక ఒకడున్నాడని నీకు చెప్పడమే, తప్పుకోమని కాదు. వాడి దారి వాడు చూసుకుంటాడు. నువ్వు ఎటు వెళ్తావో వాడికి ముందే తెలియాలి. నువ్వు పోతున్న గీత తప్పకుండా దాని మీదే నిలబడు."

"వెనక మనిషుంటే అడ్డంగా నిలబడటం మొండితనం కాదూ?"

"ఇక్కడ మర్యాదే అది."

వినడానికి తేలికే. చేతులు వినవే! జెండా కనిపిస్తే చాలు, ఎడమచెయ్యి తనంతట తనే కిందకి లాగేది. ఇంక పందేలు ఆపేశాను. పొద్దున్నే పనులు తెముల్చుకుని, వంటింట్లోకి వెళ్ళేముందు ఖాళీ ట్రాకు మీద ఒకే మలుపు పట్టుకున్నాను. బ్రేకు ఎక్కడ వెయ్యాలో చెప్పే బోర్డు, ఆ తర్వాత గడ్డి అంచు, ఆ తర్వాత తెల్లగీత. కళ్ళు మూసుకున్నా అవే కనిపించేదాకా తిరిగాను. మలుపు తర్వాత మలుపు అలా బట్టీ పట్టాను. మరిది మంచం మీంచి ఉన్నట్టుండి "జెండా!" అని అరిచేవాడు. నా చెయ్యి కదిలిందా లేదా అని చూసేవాడు. కదిలితే "దారిచ్చావు, దారిచ్చావు" అని ఏడిపించేవాడు. పళ్ళు బిగబట్టుకుని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

మా అత్తగారికి ఇదంతా వింత. "అమ్మాయ్, పొద్దుట్నుంచీ తిరుగుతున్నావు, ఎక్కడిదాకా వెళ్ళావే?"

"బయల్దేరిన చోటికే వచ్చానత్తయ్యా."

"ఆ మాత్రానికి అంత స్పీడెందుకు?"

మళ్ళీ పందేల్లో దిగాను. గెలవాలనుకోలేదు. ఎవరినీ తాకకుండా ఇంటికి చేరాలన్నదే పట్టుదల. మార్కు మార్కు కూడబెట్టి, ఆఖరి పందేనికి రెండు రోజుల ముందు మొదటి మెట్టు దాటాను. ఆ మాట ఇంగ్లీషులో తెరమీద పడితే అక్షరం అక్షరం కూడబలుక్కుని నేనే చదువుకున్నాను.

పందెం ఆదివారం సాయంత్రం. మా ఆయన చేలోంచి పెందలాడే వచ్చి తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. నవ్వలేదు. మరిది గోడకి జారబడి కూర్చున్నాడు, గోళ్ళు కొరుకుతున్నాడు. అందరికంటే వెనక నన్ను నిలబెట్టారు, నా స్థానం అదే. మొదటి మలుపులో ముందున్న ఇద్దరు ఢీకొని గిరగిరా తిరిగారు. నేను బ్రేకు ముందే వేసి ఉంచాను కాబట్టి వాళ్ళ మధ్యలోంచి బయటపడ్డాను.

సగం పందెం బాగానే గడిచింది. చెమటకి స్టీరింగు జారుతుంటే కొంగుతో తుడుచుకున్నాను. అప్పుడు వచ్చింది నీలం జెండా. అద్దంలో చూస్తే ఒకడు కాదు, ఇద్దరు. మొదటి స్థానం కోసం కొట్టుకుంటూ, నాకంటే ఒక చుట్టు ముందుకి పోయేటందుకు వస్తున్నారు. వెనక నుంచి అత్తగారు కంగారుగా కేక పెట్టింది.

"తప్పుకోవే అమ్మాయ్, మీదికొచ్చేస్తున్నారు!"

"అమ్మా, నువ్వు మాట్లాడకు!" అని అరిచాడు మరిది.

ఎడమచెయ్యి లాగబోయింది. గట్టిగా పట్టుకున్నాను. బోర్డు, గడ్డి అంచు, తెల్లగీత. బ్రేకు రోజూ వేసిన చోటే వేశాను, రోజూ తిరిగినట్టే తిరిగాను. ఒకడు నా కుడిపక్క నుంచి, రెండోవాడు ఎడమపక్క నుంచి దూసుకుపోయారు. నా కారు గీత మీంచి అణువంత కూడా పక్కకి జరగలేదు. నేను అప్పటికే తర్వాతి మలుపు చూసుకుంటున్నాను.

చివరి నుంచి రెండోదాన్నిగా గీత దాటాను. మలేషియా ఆయన కారు అప్పటికే దాటేసింది. జట్టు ఆ తరగతిలో నిలబడింది. మరిది మొహానికి దుప్పటి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి మలేషియా ఆయన ఏదో రాశాడు. మరిది చదివి చెప్పాడు: "మీ వదినగారు గోడ కంటే నమ్మకంగా ఉన్నారంటున్నాడు." అది పొగడ్తో కాదో తేల్చుకోలేక మా అత్తగారు ఆ సాయంత్రమంతా అడుగుతూనే ఉంది.

కట్టు విప్పాక మరిది కుంటుకుంటూ వచ్చి కుట్టుమిషను బల్ల దగ్గర నిలబడ్డాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"సాయంత్రాలు నీవి, పొద్దుట పూట నాది," అన్నాను.

"సరే వదినా. ఆ తిరునాళ్ళ ఆట నీ పేరున పెట్టెయ్యనా?"

"అది పిల్లలకి ఉంచు. నాకు రెండో మెట్టుకి ఇంకా ఎన్ని మార్కులు కావాలో చూసి చెప్పు."