చేపనూనె మాత్రలూ, వాసన మేస్త్రి ముక్కూ

1992 నవంబరు 12, గురువారం, సాయంకాలం అయిదు గంటల నలభై నిమిషాలు. మధ్యాహ్నం పట్టిన సన్నని జల్లు ఆగీ ఆగక కురుస్తూనే ఉన్నది. చలిగాలి వీథి ఈ కొస నుండి ఆ కొసకు పచార్లు చేస్తున్నది. సబ్బుల కర్మాగారంలో ఇరవై రెండేళ్లుగా వాసన చూచే కొలువు చేస్తున్న పెద్దమనిషి ఒకాయన గొడుగు ముడిచి మందుల షాపు మెట్లెక్కినాడు. ఆయనను అందరూ వాసన మేస్త్రి అంటారు. వండిన ప్రతి వాయి సబ్బునూ అచ్చుల్లో పోయడానికి ముందు ఆయన ముక్కు దగ్గరకు తేవలసిందే. ఆయన తల నిలువుగా ఊపితే సబ్బు అచ్చుల్లోకి, అడ్డంగా ఊపితే మళ్లీ గంగాళంలోకి.

"అన్నయ్యా, పన్నెండు రోజుల దాకా నాకు జలుబు రాకూడదు. ఏమిస్తావో ఇయ్యి" అన్నాడు మేస్త్రి.

షాపు యజమాని నెరిసిన తల ఎత్తి కళ్లద్దాల పైనుండి చూచినాడు. "జలుబుని రావద్దని చెప్పే మాత్ర ఇంకా ఎవరూ చెయ్యలేదు తమ్ముడూ. చేసుంటే నేను ఈ బల్ల వెనక కూర్చునేవాణ్ణా?"

"విటమిన్లు ఉన్నాయిగా."

"ఉన్నాయి. వేళకి తిని, వేళకి పడుకుని, చేతులు కడుక్కునేవాడికి వాటితో అంత పనుండదు. నీకు ఒంట్లో ఏం లోటొచ్చిందని?"

"ఒంట్లో కాదు, ఇంట్లో. మీ మరదలు రెండ్రోజుల్నుంచీ తుమ్ముతోంది."

"దూరంగా కూర్చో."

"సరుకు అడిగినవాడితో దెబ్బలాడే షాపతన్ని నిన్నే చూశాను అన్నయ్యా" అని మేస్త్రి తన గోడు వెళ్లబోసుకొన్నాడు.

కర్మాగారానికి కొత్తగా వచ్చిన కెమిస్టు అమ్మాయి వాసన కొలిచే యంత్రం ఒకటి కొనమని పైవారికి వ్రాసింది. మేనేజరు మధ్యేమార్గంగా ఒక పరీక్ష పెట్టినాడు. 24వ తేదీన మేస్త్రి కళ్లకు గంతలు కట్టి పన్నెండు రకాల సబ్బులు ఇస్తారు. పదింటికి తక్కువ కాకుండా పోల్చగలిగితే కొలువు నిలుస్తుంది. లేకుంటే యంత్రం వస్తుంది, మేస్త్రి అట్టపెట్టెలకు కాగితాలు అంటించే గదికి పోతాడు. కిందటి చలికాలం జలుబుతో మూలుగుతూ గులాబీని మల్లె అని సంతకం పెట్టిన సంగతి మేనేజరు ఇంకా మరువలేదు.

షాపు యజమాని నిట్టూర్చి సి విటమిను, జింకు, అన్ని విటమిన్లూ కలిసిన మాత్రలు, చేపనూనె మాత్రలు బల్లమీద పెట్టినాడు. "రోజుకి ఒక్కొక్కటే. రెట్టింపు మింగితే రెట్టింపు బలం రాదు, పొట్ట పాడవుతుంది" అని వేలు చూపి మరీ చెప్పినాడు.

మేస్త్రి మూడింటి విషయంలో మాట దాటలేదు. చేపనూనె మాత్ర మాత్రం నున్నగా, నిగనిగలాడుతూ, చేదు లేకుండా జారిపోయేసరికి ఒకటికి మూడు వేసుకొన్నాడు. అంతటితో ఆగలేదు. పొద్దున రెండు గుడ్లు, పది గంటలకు జామకాయ, మధ్యాహ్నం గిన్నెడు పాలకూర, సాయంత్రం నారింజపండ్లు. పళ్లెం పట్టుకొని కిటికీ పక్కకు పోయి, భార్యకు వీపు పెట్టి తినేవాడు.

"పాతికేళ్ల కాపురంలో నన్ను చూసి మీరు భయపడ్డం ఇదే మొదలు" అన్నదామె పక్కగది నుండి, ముక్కు తుడుచుకొంటూ. "ఆ తిండి చూస్తే జలుబుకి కాదు, యుద్ధానికి సిద్ధమవుతున్నారనుకుంటారు."

"నువ్వటు తిరిగి మాట్లాడవే."

"గోడతో మాట్లాడమంటారా?"

"పన్నెండు రోజులే కదా."

17వ తేదీ మంగళవారం పొద్దున గులాబీ వాయి వచ్చింది. మేస్త్రి వాసన చూచి తల అడ్డంగా ఊపినాడు. "ఇందులో చేప ఉంది."

పనివాళ్లు ముఖముఖాలు చూచుకొన్నారు. గంగాళం తోమినారు. మరునాడు నిమ్మ వాయి, అందులోనూ చేపే. గొట్టాలు విప్పి కడిగినారు, నీళ్లు మార్చినారు. గురువారం మూడవ వాయి కూడా వెనక్కి పోయింది. మేనేజరు పళ్లు నూరుకొన్నాడు. కెమిస్టు అమ్మాయి ఎంత వాసన చూచినా ఆమెకు చేప జాడ తగలలేదు.

శుక్రవారం ఆమె ఒక గిన్నె తెచ్చి మేస్త్రి ముందుంచింది. "కళ్లు మూసుకుని ఇది వాసన చూడండి బాబాయిగారూ."

"చేప" అన్నాడాయన తడుముకోకుండా.

"ఖాళీ గిన్నె. ఇప్పుడే నా చేత్తో కడిగి తెచ్చాను. పొద్దున్న ఏం వేసుకున్నారు?"

మేస్త్రి జాబితా అప్పజెప్పినాడు. చేపనూనె మూడు అనేసరికి ఆమె పెదవి కొరుక్కొని అడిగింది. "తేన్పులు వస్తున్నాయా?"

"వస్తే మాత్రం? నలుగురి ముందూ నోరు తెరిచి తేన్చేవాణ్ణా నేను? ముక్కుతో మెల్లిగా వదిలేస్తా."

ఆమె నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. "చేప సబ్బులో లేదు బాబాయిగారూ. మీ మర్యాదలో ఉంది."

ఆ పూటనుండి మాత్రలన్నీ మానివేసినాడు. శనివారం నాటి వాయి నిక్షేపంగా గులాబీ వాసన వేసింది. ఊపిరి పీల్చుకొన్నాడు. కాని ఆ ఊపిరితోనే కాబోలు, 24వ తేదీ తెల్లవారేసరికి భార్య జలుబు ఆయనకు నిండుగా సంక్రమించింది. ముక్కు రెండు వైపులా సున్నం పెట్టి పూడ్చినట్లు మూసుకొన్నది.

సెలవు అడిగితే భయపడి తప్పుకొన్నాడంటారని వెళ్లి కూర్చున్నాడు. గంతలు కట్టినారు. మొదటి సబ్బు చేతిలో పెట్టినారు. ముక్కుకు ఏమీ అందలేదు. అయితే బొటనవేలు సబ్బు అంచు మీదుగా పోయింది. అంచున అలల వంటి గీతలున్నాయి. ఇరవై రెండేళ్లుగా పట్టిన అచ్చు. గులాబీ. తక్కిన పదకొండు రకాల అచ్చులూ ఆయన వేళ్లకు కంఠతా వచ్చినవే. నోరు తెరిస్తే కొలువు దక్కుతుంది.

నోరు తెరిచినాడు, మూసినాడు. సబ్బు బల్లమీద పెట్టి గంతలు విప్పుకొన్నాడు.

"ఇది గులాబీ. కానీ చెప్పింది ముక్కు కాదు, వేలు. ఇవాళ నాకు వాసన రావట్లేదు. కాగితాలంటించే గది ఎటో చూపించండి."

మేనేజరు ఏదో అనబోయినాడు. కెమిస్టు అమ్మాయి అడ్డుపడింది. "పొరపాటు నాదండీ. అచ్చు పోసిన సబ్బులు పెడితే అది వాసన పరీక్షే కాదు. చూసుకోకుండా పెట్టాను. ఈయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ముక్కలు కోసి మళ్లీ పెట్టాలి, ఈయన జలుబు తగ్గాకే."

"తగ్గేదెప్పుడు?" అన్నాడు మేనేజరు.

"అది దాని ఇష్టమండీ" అన్నాడు మేస్త్రి.

నవంబరు 30, సోమవారం నాడు సమంగా కోసిన ముక్కలతో పరీక్ష మళ్లీ జరిగింది. మేస్త్రి పదకొండు పోల్చినాడు. నారింజను నిమ్మ అన్నాడు. కొలువు నిలిచింది. యంత్రం 1994 వేసవిలో వచ్చింది. దాని లెక్కను మేస్త్రి సంతకం లేనిదే చెల్లనిచ్చేవారు కారు. కెమిస్టు అమ్మాయి 1996లో వేరొక కర్మాగారానికి పెద్ద కెమిస్టుగా వెళ్లింది. మందుల షాపును యజమాని కూతురు చూచుకొంటున్నది. మేస్త్రి 1998 మార్చి 31న విశ్రాంతి తీసుకొన్నాడు. ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ ఒకే బల్ల దగ్గర, వేళకు భోజనం చేస్తారు. ఏడాదికి ఒకటి రెండు సార్లు ఇద్దరికీ జలుబు చేస్తుంది. వారం పది రోజుల్లో తగ్గిపోతుంది.